డొంకరోడ్డు మీద లైట్లు

రోహిణి కార్తె. తెల్లవారుజాము నాలుగున్నరకే గాలి వేడిగా కొడుతోంది. కొండమ్మ, కోడలు రెబెకా రోజూలాగే డొంకరోడ్డు మీదికి నడిచారు.

ఈ నడకంటే మొన్నటిదాకా ఇద్దరికీ హాయి. ఇంట్లో మగవాళ్ల ముందు అనుకోలేని మాటలన్నీ దారిలో అనుకునేవాళ్లు. ఆరింటికి ఆటో ఎక్కి మిరపకాయల తొడిమలు తీయడానికి పోతే, మళ్లీ పొద్దుగూకాకే ఇల్లు చేరడం. నడక తప్పిన రోజు కొండమ్మకు ఒకటే కడుపుబ్బరం, చిరాకు. మనుషుల అలికిడి లేని ఆ అరగంట చాలు వాళ్లకు.

పత్తి చేలు నిలువెత్తున ఉన్నన్నాళ్లూ ఏ బాధా లేదు. కట్టె పీకేశాక, ఈ వేసవి చివర, అటూ ఇటూ ఒట్టి నల్లమట్టి. తూర్పు కాస్త తెల్లబడితే చాలు, అరమైలు అవతలి కుక్క కూడా కనబడుతుంది.

దానికి తోడు కొత్త కాలనీ జనం తయారయ్యారు. ఎండకు భయపడి ఆరింటి నడకను అయిదుకు, అయిదు నుంచి నాలుగున్నరకు జరిపారు. జేబుల్లో ఫోను పాటలు, చేతుల్లో టార్చిలు, ఒంటినిండా సెంటు. అడుగడుక్కీ ఖాండ్రించి ఉమ్మేస్తారు. కల్వర్టు దగ్గర గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ పగలబడి నవ్వుతారు. అదీ వ్యాయామమేనట!

"ఛీ ఛీ, వీళ్లకి ఊళ్లో ఇంకో రోడ్డే దొరకలేదంటే?" అంది కొండమ్మ.

"మెల్లగా అత్తా, వింటారు."

"విననియ్యి! నిన్న ఒకడు తిన్నగా నా మొహానే కొట్టాడు లైటు. సిగ్గులేని సచ్చినోడు."

అంతలోనే టార్చి వెలుగు పడింది. ఇద్దరూ ఉన్నచోటే బిగుసుకుపోయారు.

కాలనీ వాకర్స్ క్లబ్బు అధ్యక్షుడు శ్రీకృష్ణ గారు. చెమటకు బనీను పొట్టకు అతుక్కుపోయి ఉంది.

"రోజూ చూస్తున్నానమ్మా, ఒక్కరోజూ మానరు! మా ఆడవాళ్లు మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి. నీళ్లు కూడా వెంట తెచ్చుకుంటారు, ఈ ఎండల్లో అదీ పద్ధతి. మమ్మల్ని చూసి ఆగిపోతారెందుకు? మొహమాటపడకండి."

రెబెకా తల వంచుకుంది. కొండమ్మ అసహ్యంగా మొహం తిప్పుకుంది.

"ఆడవాళ్లు ఇట్లా చీకట్లో తిరగడం ఏం బాగుంది? పురుగూ పుట్రా ఉంటాయి. మీ కోసమే పంచాయతీ వాళ్లని పట్టుకుని సాధించాను. సోమవారం నుంచి ఈ రోడ్డు పొడుగునా లైట్లు. పట్టపగల్లా ఉంటుంది!"

ఆయన చెయ్యి ఊపుకుంటూ వెళ్లిపోయారు. సెంటూ చెమటా కలిసిన కంపు మాత్రం అక్కడే ఆగింది. కొండమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"లైట్లంట, లైట్లు! ఎవడడిగాడే వీణ్ని?"

రెబెకా నీళ్ల సీసాను కొంగు చాటుకు తీసుకుంది.

వాళ్ల పేటలో ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదు.