పద్నాలుగు పేర్లు

“పేర్లిస్తవా, నువ్వే వస్తవా?”

ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచలేదు. మరాఠీవాడే అయినా, ఈ తెలుగువాళ్ల పేటలో పదేళ్లు తిరిగి ఇక్కడి తెలుగు పట్టేసిన మనిషి. నీలం నగర్‌లోని మంగేశ్ మేడగదిలో ఆయన కూర్చున్నాక ఇంకొకరు నిలబడే చోటు కూడా లేకపోయింది.

“పేర్లు లేవు సాహెబ్” అన్నాడు మంగేశ్.

“లేకపోవుడేంది? వీపీఎన్ నడిపేటోడు గిరాకీ పేరు, పత్తా, ఫోన్ నంబరు ఐదేండ్లు దాచిపెట్టాలె. గిరాకీ ఇడిసిపెట్టి పోయినా దాచాలె. అడిగితే తీసియ్యాలె. కాయ్దా ఎరుకేనా?”

“ఎరుకే. దాచిన. మీ నోటీస్ వచ్చినంక తుడిచేసిన.”

ఇన్‌స్పెక్టర్ చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

వీపీఎన్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. నెట్‌లో రాసేవాడికి ఒక ముసుగు. రాసింది లోకానికి కనిపిస్తుంది, రాసినవాడి జాడ కనిపించదు. మంగేశ్ బతుకుతెరువు ఆ ముసుగులు అమ్మడమే. అయితే ముసుగు అమ్మినవాడే దాని లోపలి మొహాల పట్టీ కూడా రాసి పెట్టాలన్నది సర్కారు వారి చట్టం. కంచెను పిలిచి చేను మెయ్యమని హుకుం ఇవ్వడమంటే ఇదే.

ఇంతకీ జరిగిందేమిటంటే, నూలుకు గంజి పట్టించే ఒక కార్ఖానాలో బాయిలర్ పేలి ముగ్గురు చచ్చిపోయారు. తప్పు కూలీలదే అన్నాడు కార్ఖానా మాలక్. ఆ బాయిలర్ నెల్లాళ్లుగా కారుతోందనీ, మొత్తుకున్నా మాలక్ వినలేదనీ అక్కడి పనివాళ్లు పద్నాలుగు మంది మంగేశ్ ముసుగు వేసుకుని నెట్‌లో రాశారు. ఊరంతా గుప్పుమంది. పరువు పోయిందని మాలక్ కేసు పెట్టాడు. తన దగ్గర పనిచేసే అరవై మందిలో ఆ పద్నాలుగు మంది ఎవరో ఆయనకు తెలిసిందా, వాళ్లకు ఈ ఊళ్లో ఇంకే కార్ఖానా గుమ్మమూ తెరుచుకోదు. కాళ్లూ చేతులూ సరిగ్గా మిగిలినా గొప్పే.

“సబూత్ తుడిచేసినవ్. ఏడాదంత లోపలుంటవ్, సోంచాయించుకో” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గుమ్మంలో నిలబడ్డ మంగేశ్ భార్య సారిక ఇక ఆగలేకపోయింది.

“మనకేం పట్టిందయ్యా! రాసినోళ్లు ఇంట్ల పంటరు, నువ్వు జేల్ల పంటవా? పద్నాలుగు పేర్లే గదా. నీకు నోటికొస్తయ్. చెప్పెయ్!”

“వహినీ చెప్పింది ఖరా, వదిన మాట ఇను” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెంటనే. “కంప్యూటర్ జానే దో. నోటితోని చెప్పు, ఇప్పుడే ఇడిసిపెడ్త.”

మంగేశ్ భార్య వైపు చూశాడు. ఆమె మీద కోపం రాలేదు, జాలేసింది.

“పేరు దాస్తనని మాటిచ్చిన సారికా. చెప్తే రేపు ఏ మొఖం పెట్టుకొని బయట తిరగాలె?”

“మాట తింటమా?” అంది సారిక. మంగేశ్ చెప్పులేసుకున్నాడు.

మెట్ల కింద పెంటప్ప నిలబడి ఉన్నాడు. ఆ పద్నాలుగు మందిలో పెద్దవాడు. పోలీసులను చూసి ఏదో అనబోయాడు. మంగేశ్ చెప్పు సరిచేసుకునే నెపంతో వంగాడు.

“మామా, ఏం మాట్లాడకు. మీరందరు రోజు లెక్కనే పనికి పోండ్రి. నా గురించి ఫికర్ చెయ్యకుండ్రి.”

పెంటప్ప కళ్లు తుడుచుకున్నాడు. జీపు కదిలింది.

మంగేశ్ ఇరవయ్యారు రోజులు లోపల ఉన్నాడు. అడిగినవాళ్లు మర్యాదగా అడిగారు, మర్యాద లేకుండానూ అడిగారు. ఎడమ చెవి సరిగ్గా వినిపించడం మానేసింది. కంప్యూటర్లన్నీ పోలీసులు మోసుకుపోయారు. ఉన్న గిరాకీలు బెదిరి పారిపోయారు. సారిక బీడీల చాట ముందేసుకుని కూర్చుంది. ఇంత జరిగినా మంగేశ్ నోట్లోంచి ఒక్క పేరు రాలలేదు. పద్నాలుగు మందీ రోజూ పనికి పోతూనే ఉన్నారు. మాలక్ వాళ్ల నమస్కారాలు అందుకుంటూనే ఉన్నాడు.

బెయిల్ కాగితాల మీద సంతకం చేయిస్తూ ఇన్‌స్పెక్టర్ పళ్లు నూరాడు.

“గెలిచినవ్ పో. నీ అసొంటి మొండోన్ని నా నౌకరీల చూడలే.”

మంగేశ్‌కు ఆ మాట దండ వేసినంత హాయిగా ఉంది. వ్యాపారం పోతే పోయింది, చెవి పోతే పోయింది, పద్నాలుగు కొంపలు నిలబడ్డాయి. ఆటోలో సారిక చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

కొంతం చౌక్ దగ్గర ఆటో ఆగిపోయింది. ముందు జనం. హల్గీ డప్పులు దద్దరిల్లుతున్నాయి. ఎవరి ఊరేగింపో అనుకునేలోపే పెంటప్ప పరుగెత్తుకొచ్చి మంగేశ్‌ను కిందికి లాగి, మెడలో దండ వేసి, మొహం నిండా గులాల్ పూశాడు.

“బిడ్డా, నువ్వు మాకోసం ఇంత చేసినవ్. మేం ఉట్టిగ ఊకుంటమా? జెర మీదికి చూడు!”

మంగేశ్ తలెత్తాడు. ఈ ఊళ్లో బారసాల అయినా, బెయిల్ అయినా ఫ్లెక్సీ కట్టకపోతే జరిగినట్టు కాదు. చౌక్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు కట్టిన ఫ్లెక్సీలో తన ఫోటో నిలువెత్తున నవ్వుతోంది. “మా పేర్లు చెప్పకుండా జైలుకు పోయిన మంగేశ్ శేఠ్‌కు హార్దిక్ అభినందన్” అని మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఇరవయ్యారు రోజుల్లో రాని ఏడుపు మంగేశ్‌కు అప్పుడొచ్చింది.

కళ్లు తుడుచుకుని చూస్తే, జనంలో ఇన్‌స్పెక్టర్ కనిపించాడు. ఫోన్ పైకెత్తి, తీరిగ్గా, ఫ్లెక్సీ కింది వరుసను ఫోటో తీసుకుంటున్నాడు.

మంగేశ్ పెంటప్ప చెయ్యి పట్టుకున్నాడు. “మామా... కింద గా ఫోటోలు ఎవ్వలయి?”

“మాయే బిడ్డా, పద్నాలుగు మందియి!” పెంటప్ప మీసం దువ్వాడు. “పేర్లు, ఫోన్ నంబర్లు అన్ని ఏయించినం. నువ్వు ఎవ్వలకోసం జేలుకు పోయినవో ఊరికి తెల్వద్దా?”