పంపు నడిచింది

“ముంజేతి కంకణానికి అద్దమెందుకండీ? చుక్క తప్పకుండా నడుస్తోంది, మీరే చూడండి,” అన్నాడు మేనేజరు, బల్ల మీది సెలైన్ పంపును చూపిస్తూ.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. ఆ పంపుల్లో ఉండే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి పంతొమ్మిదేళ్ళ క్రితం విడిగా ఒక కంపైలర్ తయారుచేసింది ఆయనే. ఇంజనీర్లు రాసిన ప్రోగ్రాము దాని గుండా వెళ్తేనే పంపుకి అర్థమవుతుందని ఆయన మాట. కంపెనీలో అందరికీ ఆయన మాస్టారే. పక్కన నిలబడ్డ అమ్మాయికి పని నేర్పింది కూడా ఆయనే. ఆ అమ్మాయి మాత్రం గంట నుంచి తలెత్తలేదు.

“బయట దొరికే మామూలు కంపైలర్‌తో ఇది నడవకూడదే,” అన్నారు మాస్టారు.

“ఎందుకు నడవకూడదు? చిప్పు అదే కదా?”

“చిప్పు ఒకటైతే సరిపోదు బాబూ. దీనికున్న మెమరీ గుప్పెడు. ఏ పని ముందు, ఏది తర్వాత, ఏది ఎక్కడ కూర్చోవాలి, అన్నీ ఈ సిస్టమ్ పద్ధతిలోనే జరగాలి. మామూలుదానికి అవేం తెలుసు? పెద్ద కంప్యూటర్లో ఉన్నాననుకుని ఇక్కడ లేనివన్నీ అడుగుతుంది. పంపు మధ్యలో ఆగిపోతుంది. అవతల సూది ఉండేది పసిపిల్లల చేతికి.”

“మూడు నెలలుగా ఇదే పాట. మీ కుర్చీ కోసం కాకపోతే ఇంత గోలెందుకు? ఏమ్మా, నువ్వు చెప్పు. సోమవారం నేను చెప్పినట్టే మామూలుదాంతో చేశావుగా?”

“చేశాను సార్.”

సోమవారం అతను ఇంకో మాట కూడా అన్నాడు. మాస్టారిని ఎలాగూ పంపించేస్తున్నానని, శుక్రవారానికి పంపు నడవకపోతే ఆమె కూడా ఆయన వెనకే ఇంటికి పోవచ్చని. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే.

మాస్టారు ఆమె వైపు తిరిగారు. “నిజమేనా తల్లీ? నువ్వంటే నమ్ముతాను.”

“నడుస్తోందిగా మాస్టారూ,” అంది నేల చూస్తూ.

ఆయన పంపు మీద చెయ్యి వేశారు. “అయితే పంతొమ్మిదేళ్ళు నేనే తప్పు చెప్పానన్నమాట.”

మేనేజరు ఆమె వైపు తిరిగాడు.

“ఆ పాత కంపైలర్‌ని ఇప్పుడే తుడిచేయమ్మా, కాపీలతో సహా.”

“ఆ పిల్లకెందుకా పాపం? పెంచినవాణ్ణి, నేనే తుడిచేస్తాను,” అని మాస్టారు కంప్యూటర్ ముందుకి కుర్చీ లాక్కున్నారు.

ఒక్కో ఫోల్డరూ పోతోంది. ఆమె నోరు తెరిచింది. మేనేజరు ఆమె వంక చూశాడు. నోరు మూసుకుంది.

అంతా అయ్యాక మాస్టారు లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

“గురువుని మించావమ్మా. ఏడుస్తావెందుకు? నాకు సంతోషమే,” అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

పంపు నడవడానికి ఆమె వాడింది మాస్టారి కంపైలర్‌నే.