షెడ్డుకి పరిహారం

ఆ చలికాలం కెనడా సరిహద్దు పక్కన, అమెరికా వైపు రైతులంతా విసిగిపోయి ఉన్నారు. అవతలి రోడ్డుకీ ఇవతలి పొలాలకీ మధ్య ఉన్నది ఒక కందకమే. చీకటిపడితే మనుషులు దాన్ని దాటి వస్తారు. పళ్ళ తీగలు తొక్కేస్తారు, కంచెలు కోసేస్తారు. చివరికి రైతుల సంఘమే ఒక నిధి పెట్టింది. నష్టం చూపించిన వాళ్ళకి పరిహారం ఇస్తుంది.

1983 జనవరిలో దేవకుమార్ వంతు వచ్చింది.

ఆదివారం అతనూ, భార్య కరుణమ్మా సియాటిల్‌లో చర్చికి, తెలుగు ఆరాధనకి వెళ్ళారు. సాయంత్రానికి తిరిగొచ్చేద్దామనుకున్నారు. ఇంతలో మంచు తుఫాను రావడంతో రోడ్డు మూసేశారు. స్నేహితుల ఇంట్లో ఆగిపోక తప్పలేదు. రాత్రంతా దేవకుమార్ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. పొలం మీద బెంగ కాబోలు అనుకున్నారు ఆ ఇంటివాళ్ళు.

మర్నాడు వచ్చేసరికి షెడ్డు కిటికీ అద్దం పగిలి ఉంది. రాస్ప్‌బెర్రీ తీగలకి ఊతంగా పాతే కర్రలు సగం కాలిపోయాయి. గోనెలన్నీ మీదికి లాక్కుని మూలన ఒక మనిషి ముడుచుకుని ఉన్నాడు. ఒళ్ళు కొయ్యబారిపోయింది. మంట ఎప్పుడో ఆరిపోయింది.

షెరిఫ్ వచ్చి జేబులు వెతికాడు. ఏ కాగితమూ లేదు. తెలిసినవాడా అని అడిగాడు. కాదన్నాడు దేవకుమార్. కరుణమ్మ తల ఎత్తకుండా గోనెలు మడతపెడుతూ ఉండిపోయింది.

"ఆ పరిహారం మనకొద్దండీ," అంది తర్వాత.

"అందరూ అప్లై చేస్తున్నారు. మనం చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదంటారు."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సంఘం తరఫున ఓల్సన్ అనే ఆయన వచ్చాడు. మంచివాడు. అద్దాన్నీ కర్రల్నీ ఫోటోలు తీసుకున్నాడు. ఇలాంటివాళ్ళ వల్ల మీకెంత కష్టమో అని జాలిపడ్డాడు. షెడ్డుకి తాళం వేశారా అని అడిగాడు. వెయ్యకపోతే నిధి నుంచి ఏమీ రాదట.

దేవకుమార్ షెడ్డు తలుపు వైపు చూశాడు.

"వేశాను," అన్నాడు చివరికి. "అలవాటు కొద్దీ వేసేశాను."

మంచిపని చేశారన్నాడు ఓల్సన్.

కరుణమ్మ కాఫీ తెచ్చిచ్చి, ఆ మనిషిని ఎక్కడ సమాధి చేస్తారని అడిగింది. అనాథ శవాల కోసం కౌంటీ వాళ్ళు ఉంచిన స్థలంలోనని చెప్పాడు ఓల్సన్. పేరు తెలియదు కాబట్టి రాయి ఉండదట. పాస్టర్‌ని పిలుస్తారా అంది. తనకి తెలియదన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఓల్సన్ చూపించిన చోట దేవకుమార్ సంతకం పెట్టాడు. ఆయన కారు కదిలాక షెడ్డులోకి వెళ్ళి నేలమీది బూడిద ఎత్తాడు. భార్య దగ్గరికి వెళ్ళే ధైర్యం చాలక అక్కడే నిలబడిపోయాడు.

అంతకు ముందు వారం సరిహద్దు అవతల వాంకూవర్‌కి ఫోన్ చేసి, ఆదివారం చీకటిపడ్డాక కందకం దాటి వచ్చెయ్యమని ఆవిడ తమ్ముడికి దారి చెప్పింది అతనే.