ఇద్దరికే చోటు

"ముగ్గురున్నారు," అంది గ్వెన్, వరసగా ఉన్న చెక్క తొట్టెల వైపు చూస్తూ.

"ఓటోని కూడా కలిపారా?" అడిగింది బ్రిట్టా.

"కలపాలి బ్రిట్టా. చట్టం పిల్లల్నే చూస్తుంది. ఎవరి పిల్లలో చూడదు."

బ్రిట్టాకి ఇంట్లో పిల్లల్ని చూసుకునే లైసెన్సు చేతికొచ్చి ఆర్నెల్లు కాలేదు. ఏడాది నిండని పసివాళ్ళు ఇద్దరికి మించకూడదన్న రూలు ఆమెకి తెలుసు. ఓటో ఆ లెక్కలోకి రాడనుకుంది. మా కౌంటీలో ఈ పని మొదలుపెట్టిన ఆడవాళ్ళు చాలామంది చేసే తప్పే అది.

గ్వెన్ కౌంటీ ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చింది. చెడ్డ మనిషేం కాదు. కసురుకుంటే తిరిగి కసరొచ్చు గానీ, ఆవిడ మెత్తగా మాట్లాడుతుంది. అదే వచ్చిన చిక్కు. సోమవారం లోగా ఒకరిని పంపెయ్యమంది. పంపకపోతే లైసెన్సు ఆపేస్తారనీ, తన చేతుల్లో ఏమీ లేదనీ చెప్పి, బూట్లు తొడుక్కుని మంచులోకి నడిచింది.

బ్రిట్టాకి ఒళ్ళు మండిపోయింది. వీళ్ళు అడిగిందేది తను చెయ్యలేదు గనక? కిందిగది కిటికీ చిన్నదన్నారు. మంటలొస్తే పిల్లలు బయటపడేంత పెద్దది పెట్టించింది. బావి నీళ్ళు పరీక్ష చేయించమన్నారు. చేయించింది. పెరట్లోంచి చెరువు కనబడుతోంది, కంచె వెయ్యమన్నారు. మిన్నెసోటా చలికి నేల రాయైపోకముందే అప్పు చేసి వేయించింది. బీమావాళ్ళు ఉన్నట్టుండి రేటు పెంచితే కిక్కురుమనకుండా కట్టింది. ఫీజు పెంచుదామంటే కన్నవాళ్ళు ఇచ్చుకోలేరు. పెంచకపోతే తను నిలబడలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇప్పుడేమో ఒక పసివాణ్ణి గుమ్మం బయట పెట్టమంటున్నారు. ఎవర్ని పెట్టాలి?

ముగ్గురిలో ఆడపిల్ల బ్రయర్. దాని తల్లి కెన్నా వృద్ధాశ్రమంలో నర్సు. బ్రిట్టా ఫోన్ చేసి సంగతి చెప్పింది.

"ఉద్యోగం మానెయ్యనా మరి? చెప్పు, మానేస్తాను," అంది కెన్నా.

కోపంగా అన్నా బాగుండేది. బ్రిట్టా ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేసింది.

ముగ్గురిలో ఇంకొకడు సోరెన్. వాడి తండ్రి డెల్ స్కూలు బస్సు నడుపుతాడు. పెళ్ళాం వదిలేసి పోయింది. కబురు అతని దాకా ఎలా పాకిందో గానీ, మర్నాడు పిల్లాడితో పాటు జింక మాంసం సాసేజిలు పొట్లం కట్టి తెచ్చి వంటగదిలో పెట్టాడు.

"ఏంటిది, లంచమా?" అంది బ్రిట్టా.

"ఆ," అన్నాడు డెల్, నవ్వకుండా.

పైగా ఇందులో ఇంకో మెలిక ఉంది. పసిదాన్ని పంపితే ఇక్కడికే వచ్చే బ్రయర్ అక్కలిద్దరూ వెనకే పోతారు. సోరెన్ అన్నయ్యా అంతే. ఒక పిల్లని ఈ ఊళ్ళో, ఇంకో పిల్లని పక్క ఊళ్ళో దింపి, వేళకి పనిలోకి వెళ్ళడం ఎవరి తరం? ఒకరు పోతే ఒక్క ఫీజుతో పోదు. ఇల్లే పోతుంది.

మిగిలింది ఓటో. నిజానికి పంపాలంటే వాణ్ణే పంపాలి. వాడికి అక్కా లేదు, అన్నా లేడు. వాడి కోసం ఇంతవరకూ ఒక్క డాలరు ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు. అయినా పొద్దున్నే అందరికంటే ముందు వాడే, సాయంత్రం అందరూ వెళ్ళాక మిగిలేదీ వాడే. వాళ్ళమ్మ వాడి కోసమని బ్యాంకులో మంచి ఉద్యోగం వదులుకుని, అందులో సగం కూడా రాని పని నెత్తినేసుకుంది. తెలివితక్కువ పని అని ఊరంతా అప్పుడే అంది. పిల్లాడు మాత్రం బంగారం. ఆకలేసినా నవ్వుతాడు.

లారీ మీద నార్త్ డకోటాలో ఉన్న మొగుడు కర్ట్‌కి బ్రిట్టా ఫోన్లో చెప్పింది. అతనూ కాదనలేదు. ఎన్నాళ్ళకని మాత్రం అడిగాడు.

చుట్టుపక్కల పసివాడికి ఖాళీ ఉన్నది పక్క ఊళ్ళో ఆర్డిస్ దగ్గరే. ఆవిడ ఈ పనిలోనే ముసలిదైంది.

"ఒక్క చోటుంది పిల్లా. ఎవర్ని పంపుతున్నావ్?" అంది ఆర్డిస్.

బ్రిట్టా చెప్పింది.

"మరి తల్లి తట్టుకుంటుందా?"

"ఏడుస్తుంది. ఏడవనీ. ఆ రెండు కుటుంబాల్లో ఏది పోయినా నేను ఇంటి కిస్తీ కట్టలేను."

ఆర్డిస్ పాలసీసాలు, కప్పుకునే దుప్పటి తెమ్మంది. వసంతం వచ్చాక వాడికి ఏడాది నిండుతుందిగా, అప్పుడు మళ్ళీ నీ దగ్గరికే తెచ్చుకోవచ్చులే అని ఊరడించింది. ఆ మాటకి బ్రిట్టాకి ఊరట కలగకపోగా ఇంకా మండింది. వాడు నడక నేర్చేది ఈలోగానే కదా.

సోమవారం తెల్లారకముందే కారు అద్దాల మీద మంచు గీకి, ఓటోని వెనక సీట్లో కట్టి తీసుకెళ్ళింది. ఆర్డిస్ గుమ్మంలో వాడు బ్రిట్టా కోటు పట్టుకుని వదల్లేదు. ఆర్డిస్ ఒక్కొక్క వేలే విడదీసింది.

"ఇంక వెళ్ళు. నువ్వు కనబడుతున్నంత సేపూ వాడు ఊరుకోడు," అంది.

అక్కడ తన ఇంటి ముందు కెన్నా, డెల్ తమ పిల్లల్ని దింపే వేళవుతోందని, బ్రిట్టా గబగబా కారెక్కి తలుపేసుకుంది, తన కన్నకొడుకు ఏడుపు వినపడకుండా.