ముద్ర వేసిన కాగితం

“అర్జీ వాపసు తీసుకో కృపమ్మా. మీ కొడుకు ఉద్యోగం ఆర్డరు ఈ పొద్దే టైపు చేయిస్తా,” అన్నాడు మేనేజరు వెంకటగిరియప్ప.

కృపమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, నర్సు చీర ఇంకా మార్చుకోలేదు.

“ఆర్డరు మీ దయ సార్. నివేదిక నా హక్కు. నేనడిగేది నివేదిక.”

పక్కన నిలబడ్డ నళిని తల వంచుకుంది. ఆ సర్కారు ఫ్యాక్టరీలో సమాచార హక్కు అర్జీలు చూసే గుమాస్తా ఆమె. కొత్త చట్టం వచ్చాక అక్కడికి వచ్చిన మొదటి అర్జీ కృపమ్మదే.

కృపమ్మ భర్త శామ్యూల్ ఫ్యాక్టరీ సిబ్బంది బస్సు నడిపేవాడు. ఒక ఉదయం జిగణి దారిలో బస్సు బోల్తా పడింది. ఇద్దరు కార్మికులు అక్కడికక్కడే పోయారు. శామ్యూల్‌ను కృపమ్మ పనిచేసే ఆస్పత్రికే తీసుకొచ్చారు. మరునాడు ఆమె చేతుల్లోనే పోయాడు. విచారణ జరిగింది కానీ నివేదిక బయటికి రాలేదు. బ్రేకులు సరిగా చూడలేదంటూ మెకానిక్ సొన్నప్పను పనిలోంచి తీసేశారు. అయినా డ్రైవరు తాగి నడిపాడన్న పుకారు కార్మికుల కాలనీలో ఆగలేదు.

మొగుడి మీద పడ్డ ఆ మచ్చ చెరిపేయడానికే ఈవిడ ఇంత తిరుగుతోందని నళినికి జాలి. ఎందుకంటే ఆ నివేదిక టైపు చేసింది తనే. అందులో తాగుడు లేదు, బ్రేకుల లోపమూ లేదు. డ్రైవరు నిద్రపోయాడని ఉంది. రాత్రంతా డ్యూటీ చేసినవాణ్ణి ఇంటికి పంపకుండా మళ్ళీ బస్సెక్కించింది వెంకటగిరియప్పేనని కూడా ఉంది.

“నళినీ, విచారణ ఇంకా ముగియలేదు, ఇచ్చేదానికి వీల్లేదని రాసియ్యి.”

“ముగిసింది కదా సార్?”

“రాయమన్నా.”

నళిని రాసింది. కాగితం తీసుకుని కృపమ్మ మెట్లు దిగుతుంటే వెనకాలే వెళ్ళింది.

“అక్కా, చెల్లెలనుకొని నా మాట విను. దీన్ని ఇంతటితో వదిలెయ్. ఆ నివేదిక వస్తే నీకు మేలు జరగదు.”

“నువ్వు చదివినావా?”

నళిని అటూ ఇటూ చూసింది. “నేను చెప్పకూడదు. డ్రైవరుదే తప్పని తేలితే వాళ్ళ పిల్లలకు పని ఇయ్యరు. రూల్సు అట్లుండాయి. అంతవరకే చెప్పగలను.”

“నోటిమాట నాకొద్దు చెల్లీ. ముద్ర వేసిన కాగితం కావల్ల.”

కృపమ్మ పై అధికారికి అప్పీలు పెట్టింది. అక్కడా కాదన్నారు. వెంకటగిరియప్ప ఈసారి ఆమె కొడుకు జోనాను పిలిపించి కాఫీ తెప్పించాడు.

“మీ అమ్మకు చెప్పప్పా. నీ బతుకు కోసమే కదా నేను చూసేది.”

“చెప్పి చూసినా సార్. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు అనింది.” జోనా కాఫీ ముట్టుకోలేదు. “నేను చెప్పడం మానేసినా.”

చివరికి వ్యవహారం సమాచార కమిషన్ దాకా పోయింది. అక్కడ హాజరు కావాల్సిన రోజున నళిని ఫైలు మోసుకుని మేనేజరు వెంట వెళ్ళింది. ఇతరుల వివరాలున్నాయి కాబట్టి నివేదిక ఇవ్వలేమన్నాడు వెంకటగిరియప్ప.

కృపమ్మ లేచింది. “ముగ్గురు చచ్చిపోయినారు సార్. ఎందుకు చచ్చిపోయినారో తెలుసుకునేదానికి నేను ఎవరి పర్మిషను అడగల్ల?”

కమిషనరు నళిని వైపు తిరిగాడు. “బస్సు ప్రమాదం మీద విచారణ ముగిసిందా, లేదా?”

వెంకటగిరియప్ప చూపు నళిని చెంప మీద వేడిగా తగిలింది. ఆ ‘ముగియలేదు’ అన్న మాట రాసింది తన చెయ్యే.

“ముగిసింది సార్,” అంది నళిని. “నివేదిక నేనే టైపు చేశాను.”

నకలు వెంటనే ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. వెంకటగిరియప్పకు జరిమానా కూడా పడింది. అతను ఆ వారం నళినితో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడించలేదు.

నకలు తీసుకోవడానికి వచ్చిన కృపమ్మ కిటికీ పక్కన కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చదివింది. నళిని మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని దగ్గరే నిలబడింది. ఈమె ఏ పేజీ దగ్గర కూలిపోతుందో తనకు తెలుసు. ఆ పేజీ వచ్చింది. కృపమ్మ దాన్నీ చదివి తిప్పేసింది. చివరి పేజీ మీది ముద్రను వేలితో తడిమింది.

“సొన్నప్ప ఇల్లు మారినాడంట. ఇప్పుడు యాడుండాడో నీకు తెలుసా చెల్లీ?”

“సొన్నప్పా? ఆయనతో ఏం పని?”

“ఇది ఆయనకియ్యల్ల. దీంతో ఆయన పని ఆయనకు మళ్ళీ వస్తాది.”

నళిని గ్లాసు బల్ల మీద పెట్టింది. “అక్కా, నువ్వు సరిగ్గా చదివినావా? మీ ఆయన నిద్రపోయినాడని రాసుండారు. జోనాకు ఇంక పని రాదు. ఆ నిద్ర సంగతి నీకు తెలియకూడదనే కదా నేను వద్దన్నది.”

కృపమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

“పోయేముందు ఆయనే చెప్పినాడు.”