కడియం వాచీ

పెదబయలు సంతలో వాచీలు బాగుచేసే సోంబరు రెండు వాచీలు పీటమీద పెట్టాడు. ఒకటి షావుకారు సన్యాసిరావు ఏటా సర్వీసింగుకి ఇచ్చే ఖరీదైన విదేశీ వాచీ. రెండోది, దాన్ని చూసి మనసుపడి, పెళ్లాం ఇత్తడి కడియం కరిగించి, రెండేళ్లు కూర్చుని సోంబరు అచ్చం అలాగే సొంతంగా చేసుకున్నది.

షావుకారు మెరిసేదాన్ని తీసి చేతికి పెట్టుకున్నాడు.

"అది నాను సేసింది, బాబూ. తమది ఈ గీతలు పడ్డది."

చెంప ఛెళ్లుమంది.

"సర్వీసింగు సేయించింది మెరవదేట్రా? నకలు నాకంటగట్టి అసలుది కొట్టీయాలనుకున్నావా?"

గీతలు పడ్డ వాచీని పక్క దుకాణం కాటామీది అయిదు కిలోల రాయితో నుగ్గునుగ్గు చేశాడు. తర్వాత అదే రాయి సోంబరు కుడిచేతి వేళ్లమీద వేశాడు.

"ఇంకోటి సెయ్యవింక."

మూడు సంతలు గడిచాక షావుకారే వెతుక్కుంటూ వచ్చాడు.

"ఆగిపోనాదిరా. పట్నంలో ఎవుడూ దీని మూత ఇప్పలేకపోనాడు. నువ్వు బేగి సూడు."

సోంబరు గుడ్డ చుట్టిన కుడిచేతిని ఎడమచేత్తో పైకెత్తి చూపించాడు.

"ఆ మూత ఇప్పడం ఈ సేతికొక్కదానికే తెలుసు, బాబూ."