పై అంచు

"నాలుగంచులకీ జిగురు రాయాలి. నాలుగింటికీ. ఎన్నిసార్లు చెప్పాలండీ?"

టీచరు ఆ కార్డుని ఎత్తి తరగతి అంతటికీ చూపించింది. పువ్వులున్న కాగితం మూడు వైపులే అట్టకి అంటుకుంది. పైవైపు నోరు తెరుచుకుని ఉంది.

స్పూను బామ్మ తల వంచుకుంది.

కార్డులు చేయడం నేర్చుకోవడానికొచ్చిన పదిమందిలో ఆవిడే పెద్దది. మడత నొక్కడానికి అందరూ ప్లాస్టిక్ పలక వాడితే, ఈవిడ సంచీలోంచి పాత స్టీలు స్పూను తీసి దాని వీపుతో నొక్కేది. ఆ పేరు పెట్టింది పక్క కుర్చీలో కూర్చునే బ్యాంకు ఉద్యోగిని.

"పైన వదిలేస్తే లోపల కాస్త చోటుంటుంది కదమ్మా," అంది బామ్మ.

"ఎందుకూ, కాపురం పెట్టడానికా?" అంది టీచరు.

అందరూ నవ్వారు. బామ్మ కూడా నవ్వింది.

కొత్తవాళ్లు చేరినప్పుడల్లా టీచరు ముందు గోడనే చూపించేది. అక్కడ అద్దం వెనక పన్నెండు కార్డులు. ఆమెకి ఆరేళ్లప్పుడు తల్లి ఆసుపత్రిలో పోయింది. రాబోయే పుట్టినరోజులకని ముందే ఇవి చేసి ఉంచింది. పద్దెనిమిదేళ్లు నిండేదాకా, ఏడాదికొకటి చొప్పున తండ్రి తీసి ఇచ్చాడు.

"ఈ విద్య నాకు అమ్మ ఇచ్చిందే," అనేది టీచరు.

"లోపల ఏం రాశారండీ?" అని బ్యాంకు ఉద్యోగిని అడిగింది.

"ఏమీ రాయలేదు."

ఆ మాట తేలిగ్గానే అంది గానీ, అది అంత తేలికైన సంగతి కాదు. పన్నెండు కార్డుల్లో ఒక్క అక్షరం లేదు. ఇన్ని పువ్వులు కత్తిరించిన మనిషికి 'తల్లీ' అని రెండక్షరాలు రాసే ఓపిక లేకపోయిందా? ముప్ఫై ఏళ్లుగా ఆ ప్రశ్న ఆమె వెంటే తిరుగుతోంది. భోజనానికి కూర్చుంటే పక్కన కూర్చుంటుంది. తలుపు వేసుకుంటే లోపలే ఉంటుంది.

మూడో ఆదివారం తరగతి అయిపోయాక కూడా బామ్మ కదల్లేదు. గోడ ముందు నిలబడి ఉంది.

"వీటి పై అంచులు..." అని ఆగింది.

"ఊడొచ్చేశాయండీ. అద్దం కట్టించే ముందు నేనే అన్నిటికీ జిగురు పెట్టి బిగించాను. నేను అంటించానంటే ఇక ఊడదు."

బామ్మ చేతిలోని స్పూను నేలమీద పడింది. వంగి తీసుకోవడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

"ఒక్కటి కిందికి దించి ఇస్తావా తల్లీ? ఒక్క నిమిషం."

"మా అమ్మ చేతివండీ అవి. ఎవర్నీ ముట్టుకోనివ్వను."

బామ్మ ఏదో చెప్పబోయి, టీచరు మొహం చూసి ఆగిపోయింది.

"మీ అమ్మవే," అంది మెల్లగా. "అవును, మీ అమ్మవే."

నాలుగో ఆదివారం కూడా ఆవిడ కార్డుకి పై అంచు తెరిచే ఉంది. మొండికి మందు లేదనుకుంది టీచరు. బామ్మని గుమ్మం దగ్గరికి పిలిచింది.

"మీకు ఈ పని అబ్బదండీ. మీ కుర్చీ కోసం ఇంకో అమ్మాయి ఎదురుచూస్తోంది. ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముందమ్మా."

ఆవిడ సంచీ భుజాన వేసుకుని, గోడవైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. మెట్లు దిగే చప్పుడు వినబడుతుండగానే టీచరు కుర్చీని కొత్తమ్మాయి వైపు జరిపింది.

రెండు నెలల తర్వాత ఒకామె తరగతి గది వెతుక్కుంటూ వచ్చింది.

"మా అత్తయ్య మీ దగ్గర నేర్చుకునేదండీ, స్పూనుతో మడతలు నొక్కేది. పోయిన వారం కాలం చేసింది. ఆఖరి రోజుల్లో చేసిన కార్డు ఇది. మీకే ఇమ్మంది."

"అయ్యో," అంది టీచరు.

కోడలు వెళ్లాక కార్డు చేతిలోకి తీసుకుంది. అలవాటు కొద్దీ ముందు మడత చూసింది. మడత చివర, స్పూను కొన దిగినచోట, నెలవంకలా చిన్న నొక్కు.

ఆ నొక్కు ఆమెకి తెలుసు. గోడమీదున్న పన్నెండు కార్డులకీ అదే చోట, అదే నొక్కు. చిన్నప్పుడు అది అమ్మ గోటి గుర్తు అనుకుని ముద్దు పెట్టుకునేది.

అమ్మ పోయి ముప్ఫై ఏళ్లు. చేతిలో ఉన్న నొక్కు మొన్నటిది.

తెరిచి ఉన్న పై అంచులోకి వేలు పెట్టింది. ఏమీ లేదు. ఒక చీటీ పట్టేంత చోటు మాత్రం ఉంది.

గోడమీది అద్దం దించింది. ఏడో పుట్టినరోజున అందిన మొదటి కార్డు తీసి, తను బిగించిన పై అంచు మీద బ్లేడు పెట్టింది. ఆమె జిగురు నిజంగానే గట్టిది. కోస్తుంటే వేలు కూడా తెగింది.

లోపలనుంచి మడతపెట్టిన చీటీ ఒకటి జారిపడింది. పెన్సిలు రాత. అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉన్నాయి.

"తల్లీ, ఈ నాలుగు ముక్కలు రాయడానికి రెండు రోజులు పట్టింది. ఒక్కో కార్డులో ఒక్కో చీటీ పెడతాను, అంచు పైకి ఎత్తి చూసుకో. నా చేతులు కత్తెర పట్టలేవు. ఈ కార్డులన్నీ మా వార్డు ఆయమ్మ చేసింది, డ్యూటీ అయ్యాక ఇంటికి పోకుండా నా మంచం పక్కన నిలబడి, నాకు మందు పోసే స్పూనుతోనే మడతలు నొక్కుతూ. ఎప్పుడైనా ఆవిడ మన గుమ్మంలోకి వస్తే, కుర్చీ వేసి కూర్చోబెట్టు."